తోసొ చీటీలో తప్పు

యత్సుషిరో,
నవంబరు 20

కుమామోతోలోని మత్సుకజె మందుల దుకాణం వారికి,

చలి మొదలైంది. మీ అందరి ఆరోగ్యాలూ బాగున్నాయని తలుస్తాను. మందులమ్మేవాళ్ల ఆరోగ్యమే బాగుండకపోతే ఇక మాబోటివాళ్ల గతేమిటి.

నా పేరు ఉషిజిమ తొరాకిచి. వయసు డెబ్బై ఏడు. ముప్పై ఏడేళ్లు బడిలో చీనా ప్రాచీన గ్రంథాలు చెప్పాను. కొత్త సంవత్సరం ఉదయం తాగే తోసొ మద్యం కోసం, నేను అడగకుండానే, మీరు నాకు ఏటా డిసెంబరులో పోస్టులో ఒక పొట్లం పంపుతారు. దాల్చినచెక్క, ఎండు నారింజ తొక్క, ఇంకా ఏవో వేర్లు కలిపి దంచిన ఆ పొడి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా పొట్లంలో పెట్టే చీటీ మీద.

"తోసొ అంటే సొ అనే రోగాల దయ్యాన్ని నరికేది అని అర్థం" అని అందులో ఉంటుంది. తప్పు. శుద్ధ తప్పు. తోసొ అనేది ఒక గుడిసె పేరు. పూర్వం చీనాలో ఆ గుడిసెలో ఉండే వైద్యుడొకాయన, ఏడాది చివరి రోజున ఇంటింటికీ ఒక మందు మూట ఇచ్చి, దాన్ని బావిలో దించమనీ, తెల్లారాక తీసి మద్యంలో నానబెట్టి తాగమనీ చెప్పేవాడు. ఆయన పేరు జనం మరిచిపోయారు, గుడిసె పేరు మిగిలింది, మందుకు అదే పేరు పడింది. దయ్యాన్ని నరకడం మాట మందులమ్మేవాళ్లకు గిరాకీ తెచ్చి ఉండవచ్చు గాని, అర్థం మాత్రం కాదు.

పందొమ్మిదేళ్లుగా ఈ తప్పు చూసి పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. మొన్న డాక్టరు నా గుండె మీద గొట్టం పెట్టి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు విన్నాడు. అప్పట్నుంచీ తప్పుల్ని దిద్దకుండా వదిలేసి పోవడం సబబు కాదనిపిస్తోంది. ఈ ఏటి పొట్లాలు కట్టేలోగా దిద్దగలరు.

ఇట్లు,
ఉషిజిమ తొరాకిచి

తా.క. చీటీ సైక్లోస్టైల్ సిరా వేళ్లకు అంటుకుంటోంది.

రెండో తా.క. మీ తోసొ రుచి ఎలా ఉంటుందో చెప్పలేను. పందొమ్మిదేళ్లుగా ఒక్క చుక్క తాగలేదు. అది పొడి తప్పు కాదు.


కుమామోతో,
నవంబరు 25

ఉషిజిమ మాస్టారికి నమస్కారాలు.

ఈ దుకాణంలో ఉత్తరాలకు జవాబులు రాసే పని నాది. నా పేరు హమసకి ఫుమియే. మీ ఉత్తరం చదవగానే మా యజమాని కుర్చీలోంచి లేచి, యత్సుషిరో వైపు తిరిగి, నడుం వంచి మూడుసార్లు క్షమాపణ చెప్పుకున్నారు. తర్వాత చూస్తే అది యత్సుషిరో వైపు కాదు, మా గోదాము వైపు. అయినా మనసు మీ వైపే ఉందని మనవి.

చీటీలో దొర్లిన తప్పుకు మా అందరినీ మన్నించండి. తప్పకుండా దిద్దుతాం. దిద్దడానికి వీలుగా, చీటీలో మొదటి నుంచి చివరిదాకా ఏమని ఉందో కాస్త రాసి పంపగలరా? మా దగ్గరుండే నకలు ప్రస్తుతం చేతికి తగలడం లేదు.

పందొమ్మిదేళ్లుగా తాగలేదన్న మాట చదివి చాలా బాధపడ్డాం. పెద్దవారు, మొహమాటానికి పొడి తప్పు కాదన్నారు గాని, కారణం లేకుండా ఎవరూ మానరు కదా. మా తప్పు కాయమని కోరుతూ ఎర్రగింజల మిఠాయి పెట్టె ఒకటి పంపుతున్నాం. స్వీకరించండి.

ఇట్లు, విధేయురాలు,
హమసకి ఫుమియే

తా.క. పొడిలో పురుగు గాని వచ్చి ఉంటే, అది ఏ సంవత్సరమో కూడా తెలియజేయమని యజమాని అడుగుతున్నారు.


యత్సుషిరో,
నవంబరు 29

ఫుమియే గారికి,

మీ ఉత్తరమూ మిఠాయీ అందాయి. పురుగు అని నేనెక్కడ రాశాను? నా ఉత్తరం మళ్లీ చదవండి. అందులో ఉన్న ఒకే ఒక ప్రాణి దయ్యం, దాన్ని కూడా నేను లేదనే అన్నాను.

మీరు పంచే చీటీ మీ దగ్గరే లేకపోవడం వింతగా ఉంది. పందొమ్మిది చీటీలూ టీ డబ్బాలో దాచాను, పొట్లాలతో సహా. అన్నిటిలోనూ అదే వాక్యం. నకలు రాసి జతపరుస్తున్నాను.

ఊరికే వచ్చిన మిఠాయి తిని మూతి తుడుచుకునే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకని పెరట్లో దుంగల మీద పెంచిన పుట్టగొడుగులు ఎండబెట్టినవి ఒక సంచీ పంపుతున్నాను. దీంతో చెల్లుకు చెల్లు.

ఇక తాగకపోవడం సంగతి. తోసొ చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తర్వాత తాగాలి. అది మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో చిన్నవాడు గిన్నె పట్టుకోవడానికి రావడం లేదు. అలిగాడు. వాడు తాగందే గిన్నె నా దాకా ఎలా వస్తుంది? ఏటా తీసి తుడుస్తాను, మళ్లీ పెట్టెలో పెట్టేస్తాను. పోయేలోగా ఒక్క కొత్త సంవత్సరమైనా వాడి గిన్నెలో నేను పోసి, వాడు తాగాక నేను తాగాలని ఉంది. చీటీ దిద్దడం తప్పితే నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఇట్లు,
ఉషిజిమ తొరాకిచి

తా.క. తోసొకు "చెడుగాలిని నరికి ప్రాణాన్ని లేపేది" అని మూడో అర్థం కూడా చెప్తారు. అది పూర్తిగా తప్పనలేను, ఒప్పని కూడా అనను. మీ చీటీలో దాన్ని మాత్రం ఇరికించకండి.


కుమామోతో,
డిసెంబరు 4

ఉషిజిమ మాస్టారికి నమస్కారాలు.

మీ పుట్టగొడుగులు అందినప్పటి నుంచి మా యజమానికి నిద్ర లేదు. క్షమాపణగా ఇచ్చినదానికి వెంటనే బదులు వచ్చిందంటే, క్షమాపణ తిరిగి వచ్చినట్టేనని ఆయన భయం. "ఆయన ఇంకా మండిపడుతున్నారు, ఫుమియే. నేనే వెళ్లి గుమ్మంలో మోకరిల్లుతాను" అంటున్నారు. నేను ఆపుతున్నాను. ఎన్నాళ్లు ఆపగలనో తెలియదు.

కొత్త చీటీ అచ్చు నమూనా జతపరిచాను. గుడిసె అర్థం మొదట వేశాం. వైద్యుడి కథ వేశాం. "యత్సుషిరో వాస్తవ్యులు ఉషిజిమ తొరాకిచి గారి పరిశోధన ప్రకారం" అని వేశాం. మూడో అర్థం వేయవద్దన్నారు కాబట్టి, వేయలేదని కూడా వేశాం. ఇంతా అయ్యేసరికి చీటీ పొట్లంకన్నా పెద్దదైంది. ఇప్పుడు పొట్లంలో చీటీ పెట్టాలా, చీటీలో పొట్లం కట్టాలా అని గోదాములో చర్చ జరుగుతోంది.

మీ ఇంట్లో చిన్నవాడి సంగతి చదివి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మా అక్క కొడుకూ ఇంతే. ఆరేళ్లు. మందు వాసన తగిలితే చాలు, ముక్కు మూసుకుని బల్ల కిందికి దూరతాడు. పిల్లలకు తోసొ ఘాటుగా ఉంటుంది. అందుకని వాళ్ల కోసం చేసే తియ్యటి పానకం ఒక సీసా, ఒక బొంగరం, రంగుకాగితాల కట్ట ఒకటి పంపుతున్నాను. బొంగరం ముందు చూపించండి, గిన్నె తర్వాత చూపించండి. మా వాడి దగ్గర పని చేసింది.

ఇట్లు, విధేయురాలు,
హమసకి ఫుమియే

తా.క. పుట్టగొడుగులు యజమాని తల్లిగారు పులుసు చేయించుకుని తిన్నారు. ఎనభై ఆరేళ్లావిడ, రెండుసార్లు వడ్డించుకున్నారు. ఎవరు పంపారని కూడా అడగలేదు.

రెండో తా.క. పిల్లాణ్ణి కోప్పడకండి. పసివాళ్ల అలక ఎంతసేపు.


యత్సుషిరో,
డిసెంబరు 15

ఫుమియే గారికి,

మా పసివాడికి డెబ్బై రెండేళ్లు.

వాడు నా తమ్ముడు షిన్‌పెయ్. బరువు మూడు బియ్యం బస్తాలు. అలిగి పందొమ్మిదేళ్లయింది. బొంగరానికి లొంగుతాడా లేదా అన్నది నేను చెప్పలేను, ఎందుకంటే చూపించడానికి వాడు ఇక్కడ ఉంటేగా. సముద్రానికి అవతల అమాకుసాలో ఉంటాడు. ఇక్కణ్ణుంచి పడవెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకోవచ్చు. ఆ పడవ నేను ఎక్కలేదు, వాడూ ఎక్కలేదు.

ఇంత దూరం వచ్చింది కాబట్టి మిగతాది కూడా చెప్తాను. మా షిన్‌పెయ్ మందుల పెట్టె వీపున కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పందొమ్మిదేళ్ల కిందట కొత్త సంవత్సరానికి వాడూ, వాడి భార్య కినూ మా ఇంటికి వచ్చారు. నా భార్య అప్పటికే లేదు. ముందురోజు సాయంత్రం మా మరదలే మందు మూట బావిలో దించింది, ఉదయం తీసి తియ్యటి ఎర్ర సాకె మద్యంలో నానబెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. అందరికన్నా చిన్నది కాబట్టి కిను ముందు తాగింది. తర్వాత షిన్‌పెయ్ గిన్నె పట్టాడు. పట్టినవాడు తాగి ఊరుకోక, "దయ్యాన్ని నరికేది అన్నయ్యా, అదీ దీని అర్థం. నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్తాను" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. పుస్తకం తెచ్చి ముందు పెట్టి, "చదువు" అన్నాను. వాడికి ఆ అక్షరాలు రావు. ఆ సంగతి నాకు తెలుసు. వాడి బడి చదువు మధ్యలో ఆగింది నన్ను పై చదువులకు పంపడానికి. అది కూడా తెలుసు. తెలిసే, "ముప్పై ఏళ్లు వీపున మోశావు, మూట మీద ఏం రాసుందో తెలియదు" అన్నాను.

వాడు గిన్నె కింద పెట్టేశాడు. కిను, "తాగేసి తర్వాత పోట్లాడుకోండి" అంది, ఒకసారి వాడితో, ఒకసారి నాతో. ఇద్దరం వినలేదు. ఆ పూటే వెళ్లిపోయారు. గిన్నె వాడి దగ్గర ఆగింది, నా దాకా రాలేదు.

ఆ తర్వాత డిసెంబరులో మీ పొట్లం వచ్చింది, అందులో వాడి మాట అక్షరం పొల్లుపోకుండా. అప్పుడే మీకు రాయాలని కలం తీశాను. మళ్లీ అనుకున్నాను, ఈ కోపమే కదా ఒకసారి కొంప ముంచింది, ఇక నోరు మూసుకుందామని. అప్పట్నుంచీ ఏటా కోపం దిగమింగుతున్నాను. నేను జీవితంలో నేర్చుకున్న మంచి గుణం అదొక్కటే.

నేను వెళ్లలేకనా అంటారేమో. వెళ్లగలను. కానీ గిన్నె ఎత్తుకుని చిన్నవాడి వెంట పడటం ఎక్కడైనా ఉందా? చిన్నవాడు వచ్చి చెయ్యి చాపితే పెద్దవాడు పోస్తాడు. వాడు రావాలి.

పానకం నేనే తాగాను. బాగుంది. దానికి బదులుగా మా ఊరి పెద్ద పంపరపనస కాయ ఒకటి పంపుతున్నాను. నా తలకన్నా పెద్దది. చుట్టిన కాగితం మీద కుంచెతో నా పేరు పెద్దగా రాశాను, దారిలో మారిపోకుండా. దయచేసి దీనికి బదులు పంపకండి. మా ఇంట్లో చోటు లేదు.

ఇట్లు,
ఉషిజిమ తొరాకిచి

తా.క. ఏటా పదమూడో తేదీకల్లా వచ్చే పొట్లం ఈసారి రాలేదు. నేను తప్పు పట్టానని మీరు కూడా అలిగారా?


కుమామోతో,
డిసెంబరు 22

ఉషిజిమ మాస్టారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది. ఎలా వస్తే అలా పంపేస్తున్నాను.

మొదట మా తప్పు చెప్పుకోవాలి. మా దుకాణం ఎన్నడూ ఏ చీటీ వేయలేదు. పొట్లాలు కూడా దుకాణానికి వచ్చినవాళ్ల చేతికి ఇవ్వడమే తప్ప పోస్టులో పంపే వాడుక లేదు. మీ మొదటి ఉత్తరం చూడగానే మాకు ఏమీ అర్థం కాలేదు. కానీ పెద్దవారు, మాస్టారు, పందొమ్మిదేళ్లుగా మన పేరు తలుస్తున్నవారు, ఆయనతో "అలాంటి చీటీ లేదండీ" అని ఎదురు చెప్పడం ఎలాగని మా యజమాని మథనపడ్డారు. "ముందు క్షమాపణ చెప్పేద్దాం, తప్పేమిటో తర్వాత కనుక్కుందాం" అన్నారు. అలా లేని చీటీకి క్షమాపణ చెప్పి, లేని చీటీని దిద్ది, చివరికి అచ్చు కూడా వేయించాం.

మొన్న మీ పంపరపనస వచ్చింది. యజమాని తల్లిగారు దాని మీద పేరు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, "యత్సుషిరో ఉషిజిమ రాశాడా? ఎట్టకేలకు రాశాడన్నమాట. తిట్టాడా?" అని అడిగారు.

తిట్టారని చెప్పాం. ఆవిడ చేతులు జోడించారు. "హమ్మయ్య. ఆ పిల్ల చెప్పినట్టే అయింది" అన్నారు.

ఆ పిల్ల మీ మరదలు కిను గారు. ఏటా డిసెంబరు పదో తేదీన అమాకుసా నుంచి వచ్చి, మా పెద్దావిడ దగ్గర రెండు పొట్లాలు తీసుకునేవారట. ఒకటి వాళ్లింటికి. రెండోదాంట్లో సంచీలోంచి ఒక చీటీ తీసి పెట్టి, మా దుకాణం కవరు అడిగి తీసుకుని, మీ చిరునామా రాసి, పోస్టులో వేయమని ఇచ్చి వెళ్లేవారట. అమాకుసాలో బడిలో గుమాస్తా పని ఆవిడది, సైక్లోస్టైల్ యంత్రం ఆవిడ చేతిలోనే ఉండేదట. మూడో ఏడాది మా పెద్దావిడ చీటీ చదివి, "ఇదేమిటమ్మా, కొందరు గుడిసె పేరంటారు కదా" అంటే, కిను గారు నవ్వి ఇలా అన్నారట: "నాకూ తెలుసండీ. మా బావగారు తప్పు చూస్తే కూర్చోలేరు. సరైనది పంపితే చదివి అవతల పడేస్తారు. తప్పు పంపితే తిడుతూ ఉత్తరం రాస్తారు. మీకే రాస్తారు. ఏమనుకోకండి. రాసిన రోజున ఆయనకు ఒక్క మాట చెప్పండి. ఏటా కొత్త సంవత్సరం ఉదయం మా ఆయన ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటారు. నేను పోస్తానంటే వద్దంటారు. 'అన్నయ్య వచ్చి పోస్తేనే కదా నేను తాగేది' అంటారు."

ఆ తర్వాత ఏటా వచ్చినప్పుడు, "మా బావగారు తిట్టారా?" అని అడిగేవారట. లేదంటే, "సరే, వచ్చే ఏడు తిడతారు" అనేవారట. మా పెద్దావిడ ఎప్పుడూ మాకు చెప్పలేదు. మేం ఎప్పుడూ అడగలేదు. ఎనభై ఆరేళ్లావిడను చీటీల గురించి ఏమడుగుతామనుకున్నాం.

ఈ డిసెంబరు పదిన కిను గారు రాలేదు. నేను అమాకుసాకు ఫోన్ చేశాను. ఎత్తింది మీ తమ్ముడుగారు. కిను గారున్నారా అని అడిగాను.

"లేదమ్మా. జూలైలో పోయింది" అన్నారు. తర్వాత ఆయనే, "మందుల దుకాణమా? ఈసారి మాకు తోసొ వద్దులే. మైలలో ఉన్న ఇల్లు, ఏడాది తిరగాలి" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. మీ గురించి చెప్పలేదు. అది మీరు చెప్పాల్సిన మాట అనిపించింది.

మాస్టారూ, మొదటి ఉత్తరానికే "మేం చీటీ వేయలేదు" అని నిజం రాసి ఉంటే, మీకు ఇంకో నెల ముందు తెలిసేది. నెల ముందు తెలిసినా జూలై దాటిపోయిందనుకోండి. అయినా ఆ నెల మా మర్యాద వల్ల పోయింది. మన్నించమని ఈసారి నిజంగా అడుగుతున్నాను.

ఇట్లు,
హమసకి ఫుమియే

తా.క. అమాకుసా పడవ ముప్పయ్యో తేదీ దాకా తిరుగుతుంది. మా యజమాని రేవుకు ఫోన్ చేసి కనుక్కున్నారు. టిక్కెట్టు కూడా కొనేసేవారే, నేను ఆపాను.


యత్సుషిరో,
జనవరి 6

ఫుమియే గారికి,

మైలలో ఉన్నాను, కాబట్టి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పడం లేదు. మీరూ చెప్పకండి.

ముప్పయ్యో తేదీ పడవకు వెళ్లాను. టీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సముద్రం బాగా ఊగింది. దారి పొడవునా లెక్క వేసుకున్నది ఒక్కటే. నేను మొదటి ఏడాదే కోపం ఆపుకోకుండా ఉంటే ఎలా ఉండేదని. రెండో ఏడాది. పదో ఏడాది. పోనీ, నిరుడు. ఏ ఏడు తిట్టినా సరిపోయేది. నా జన్మలో నేను చేసిన తప్పులన్నీ కోపం వల్లనే అనుకునేవాణ్ణి. అన్నిటికన్నా పెద్దది కోపాన్ని మింగడం వల్ల చేశాను.

షిన్‌పెయ్ తలుపు తీశాడు. చిక్కిపోయాడు. మూడు బస్తాలని రాశాను, ఇప్పుడు ఒకటిన్నర ఉంటాడేమో. నన్ను చూసి, "ఆలస్యమైంది అన్నయ్యా" అన్నాడు. వాడు ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడేవాడు, అరిచేవాణ్ణి నేను. కిను పోయినప్పుడు నాకు ఉత్తరం రాశాడట. కవరు మీద నా పేరు రాస్తూ, "అక్షరం తప్పు పోతే మళ్లీ నవ్వుతాడేమో" అని ఆగిపోయాడట. ఆ కవరు నాకు చూపించాడు. తప్పు లేదు.

చీటీల సంగతి వాడికి తెలియదు. పందొమ్మిదీ చాప మీద పరిచాను. మరదలి అచ్చు అక్షరాలు. వాడు ఒక్కొక్కటే తీసి చదివాడు. నేను చదవమనలేదు. చదివి, "ఇదేమిటి, తప్పు రాసింది? తోసొ అంటే గుడిసె పేరు కదా" అన్నాడు.

దయ్యాన్ని నరికేదనేదే సరైనదని నేను అన్నాను. గుడిసె పేరని వాడన్నాడు. "నువ్వే చెప్పావుగా. ఆ రోజు నుంచీ నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గుడిసె పేరనే చెప్తున్నాను. మా అన్నయ్య మాస్టారు, ఆయన చెప్పింది తప్పయ్యే ప్రసక్తే లేదని కూడా చెప్తున్నాను. ఇప్పుడు వచ్చి కాదంటే నా మాట ఏం కావాలి?" అన్నాడు.

కొత్త సంవత్సరం ఉదయం తోసొ లేదు, మైల కదా. వేన్నీళ్లు పెట్టుకున్నాం. షిన్‌పెయ్ లక్క గిన్నెలు మూడు తీశాడు. చిన్నవాళ్లు ముందు. మా ముగ్గురిలో ఇప్పుడూ కినే చిన్నది. ఆవిడ అరవై అయిదు దగ్గర ఆగిపోయింది, మేమిద్దరం పెరుగుతూ పోతాం. మొదటి గిన్నె ఆవిడ ఫోటో ముందు పెట్టాం. రెండోది షిన్‌పెయ్ చేతిలో పెట్టి నేను పోశాను. వాడు నోటిదాకా ఎత్తి, మళ్లీ గుర్తొచ్చి, "గుడిసె పేరే అన్నయ్యా" అన్నాడు. "దయ్యమే" అన్నాను. వాడు గిన్నె కింద పెట్టేశాడు.

నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. ఎవరమూ ఎవరి మొహం చూడలేదు. కొంతసేపటికి నాకు అర్థమైంది, మేమిద్దరం ఒక మాట కోసం ఆగి ఉన్నామని. ఆ మాట అనే మనిషి అక్కడ లేదు. ఎంతసేపు ఆగినా రాదు.

చివరికి నేనే అన్నాను. "తాగేసి తర్వాత పోట్లాడుకుందాం" అన్నాను.

వాడు తాగాడు. తర్వాత నేను తాగాను. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం, పోట్లాటకు వేళ మించిపోయింది.

వచ్చే కొత్త సంవత్సరానికి మైల ఉండదు. తోసొ పెట్టుకుందామని అనుకున్నాం. నాకు డెబ్బై ఎనిమిది వస్తాయి, వాడికి డెబ్బై మూడు. డాక్టరు గొట్టాన్ని ఈ ఏడాది నా దగ్గరికి రానివ్వదలచుకోలేదు. డిసెంబరు పదిన మీ దుకాణానికి మేమిద్దరం వస్తాం. మీ పెద్దావిడతో చెప్పండి, రెండు పొట్లాలు అక్కర్లేదు, ఒకటి చాలని.

ఇట్లు,
ఉషిజిమ తొరాకిచి

తా.క. మీరు అచ్చు వేయించిన చీటీలన్నీ చించేయండి. వాటి బదులు కిను రాసిన వాక్యమే అక్షరం మార్చకుండా వేయించి, ప్రతి పొట్లంలోనూ పెట్టండి. తప్పు తప్పుగానే ఉండనివ్వండి. ఎక్కడో ఒక ఇంట్లో ఒకరికి అది చదివి కోపం రావాలి. వచ్చిన ఏడాదే ఉత్తరం రాయాలి.